పేకముక్కలతో పల్నాటి యుద్ధం: ఇద్దరు ఆడుకునే పద్ధతి

ముందు కావలసినవి చెప్తాను. ఒక పేక, పాతదైతే మరీ మంచిది. పద్దెనిమిది చింతపిక్కలు. ఒక స్కెచ్ పెన్ను, లెక్క రాసుకోడానికి ఓ కాగితం. ఒక ఆటకి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. డబ్బులు పెట్టి ఆడే ఉద్దేశం ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. మా ఇంట్లో పేక బయటికి తీసేది పిక్కల మీద ఆడటానికే.

నేను పల్నాడులో హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. పల్నాటి యుద్ధం మాట వచ్చినప్పుడల్లా పిల్లలు అడిగేది ఒకటే: "చివరికి ఎవరు గెలిచారు టీచర్?" దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. 12వ శతాబ్దం చివర, సుమారు 1180 ప్రాంతంలో, కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున మాచర్ల వాళ్లూ గురజాల వాళ్లూ తలపడ్డారు. ఇటు మలిదేవరాజు, ఆయన వెనక బ్రహ్మనాయుడు. అటు నలగామరాజు, ఆయన మంత్రి నాగమ్మ. రాజులిద్దరికీ తల్లులు వేరు, తండ్రి ఒక్కడే. రెండు వైపులా పేరున్న వీరులంతా అక్కడే నేలకొరిగారు. అంతా అయ్యాక బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగామరాజుకే అప్పగించి గుత్తికొండ బిలంలోకి తపస్సుకి వెళ్లిపోయాడని వీరగాథ చెప్తుంది. పైచేయి సాధించినవాడే రాజ్యం వదిలేసి పోతే గెలుపు ఎవరి ఖాతాలో రాయాలి? అందుకని, ఇద్దరూ ఓడిపోయే దారి కూడా ఉన్న ఆట ఒకటి తయారుచేశాను.

రోజుల పేర్లు, వాటి వరస మాత్రం కారంపూడి నుంచి తీసుకున్నవి. ఏటా కార్తీక అమావాస్యకి అక్కడి వీరుల గుడి దగ్గర ఐదు రోజులు ఉత్సవాలు జరుగుతాయి. వీరాచారం, అంటే ఆ వీరులనే దేవుళ్లుగా కొలిచే ఆచారం, పాటించేవాళ్లు తమ దగ్గరున్న వీరుల ఆయుధాలను, వాటిని కొణతాలంటారు, ఊరూరి నుంచి మోసుకొస్తారు. ఐదు రోజులకీ ఐదు పేర్లు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. మన ఆటకీ ఐదు రోజులే, అవే పేర్లు. కథ తెలిసినవాళ్లకి వరస తప్పినట్టు అనిపిస్తుంది. కథలో కోడిపందెం ఎప్పుడో ముందే జరిగిపోతుంది, రాయబారం యుద్ధానికి కాస్త ముందు వస్తుంది. నేను ఉత్సవం వరసనే పట్టుకున్నాను. కోడిపోరు నాలుగో రోజు రావడం ఆటకి భలే కలిసొచ్చింది.

ముక్కలు సిద్ధం చేసుకోవడం

జోకర్లు తీసేయండి. ఎర్ర ముక్కలు, అంటే ఆటీను, డైమను, మాచర్లవి. నల్ల ముక్కలు, ఇస్పేటు, కళావరు, గురజాలవి. ఒక్కొక్కరికి 26. ఎవరి కట్ట వాళ్లు కలిపి, ఎదుటివాళ్లతో కోయించి, బోర్లించి పక్కన పెట్టుకోవాలి.

కలపకముందే ఎనిమిది ముక్కల మీద పేర్లు రాయండి. ఇస్పేటు రాజు నలగామరాజు, ఇస్పేటు రాణి నాగమ్మ, ఇస్పేటు జాకీ నరసింగరాజు. ఆటీను రాజు మలిదేవుడు, ఆటీను ఆసు బ్రహ్మనాయుడు, ఆటీను జాకీ బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు. డైమను రాజు కన్నమదాసు, డైమను జాకీ అలరాజు. మిగతా రాణులకీ జాకీలకీ మీకు నచ్చిన పేర్లు పెట్టుకోండి. మా మనవరాలు ఆటీను రాణి మీద బాలచంద్రుడి భార్య మాంచాల పేరు రాసి పక్కన పువ్వు కూడా వేసింది. ఆటకి దానితో పని లేదు గానీ ముక్క ముద్దొస్తుంది.

విలువలు సులువే. రెండు నుంచి పది దాకా ముక్క మీద ఎంతుంటే అంత. జాకీ 11, రాణి 12, రాజు 13, ఆసు 14. ఒక్క బ్రహ్మనాయుడు మాత్రమే ఆసు అయినా 1. కారణం తరవాత చెప్తాను.

మధ్యలో టవలో, పాత క్యాలెండర్ కాగితమో పరిచి మూడు చోట్లు గుర్తు పెట్టుకోండి: ఏటిగట్టు, నడుమ, ఊరివైపు. ఒక పక్కన చచ్చిన ముక్కల కుప్పకి జాగా ఉంచండి. కుప్ప ఇద్దరిదీ కలిపి ఒకటే. ఈ ఆటలో అందరికంటే పెద్ద ఆటగాడు ఆ కుప్పే.

మొదటి రోజు ఏడేసి ముక్కలు తీసుకోవాలి. తరవాత ప్రతి రోజూ పొద్దున నాలుగేసి. చేతిలో ఎన్ని ముక్కలు ఉండొచ్చు అన్నదానికి హద్దు లేదు.

ఒక రోజు ఎలా నడుస్తుంది

ఒకరి తరవాత ఒకరు ఒక్కో ముక్కని మూడు చోట్లలో ఏదో ఒకచోట తమ వైపు బోర్లించి పెట్టాలి. ఒక్కో చోట ఒక్కొక్కరికి రెండు ముక్కలే. అంటే రోజుకి ఎక్కువలో ఎక్కువ ఆరు. అన్నీ పెట్టి తీరాలని లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు "చాలు" అనొచ్చు. అన్నాక మాత్రం ఆ రోజుకి ఇంకేం పెట్టకూడదు, ఎదుటివాళ్లు పెడుతుంటే చూస్తూ కూర్చోవాలి. మావారు జన్మలో "చాలు" అనరు, అందుకే ఎక్కువసార్లు నా చేతిలో చిక్కుతారు.

ఇద్దరూ ఆపాక ఏటిగట్టు, నడుమ, ఊరివైపు వరసగా ముక్కలు తిప్పి చూడండి. ఎక్కడ ఎవరి మొత్తం ఎక్కువైతే ఆ చోటు వాళ్లది, వాళ్లకి ఒక పిక్క. ఓడినవాళ్లు అక్కడ పెట్టినవన్నీ కుప్పలోకి పోతాయి. గెలిచినవాళ్లు కూడా తాము పెట్టినవాటిలో చిన్న ముక్క ఒకటి కుప్పలో వేయాలి, మిగిలింది చేతికి తిరిగొస్తుంది. ఒకే ముక్కతో గెలిస్తే ఆ ఒక్కటీ పోతుంది, పిక్క మాత్రం దక్కుతుంది. మొత్తాలు సమానమైతే రెండు వైపులా అన్నీ కుప్పలోకే, పిక్క ఎవరికీ లేదు.

ఎదుట ఎవరూ లేనిచోట ముక్క పెట్టినవాళ్లకి పోరు లేకుండానే పిక్క వస్తుంది, ముక్కలన్నీ చేతికి తిరిగొస్తాయి. ఈ చిన్న రూలు మీద ఆటంతా తిరుగుతుంది. దీన్ని పిల్లలు పట్టించుకోరు, పెద్దవాళ్లు మర్చిపోతారు.

రెండో రోజు నుంచి ఎవరి దగ్గర పిక్కలు ఎక్కువ ఉంటే వాళ్లే మొదట ముక్క పెట్టాలి. సమానంగా ఉంటే గురజాల మొదలెట్టాలి. మొదట పెట్టడం నష్టం, చివర పెట్టడం లాభం. కాబట్టి ముందున్నవాళ్లకి అదొక చిన్న పన్ను.

ఐదు రోజులు

రాచగావు రోజు, ముక్కలు పెట్టకముందే ఇద్దరూ చేతిలోంచి ఒక్కో ముక్క బోర్లించి ముందుకు జరపాలి. ఒకేసారి తిప్పాలి. రెండూ కుప్పలోకి పోతాయి. ఎవరు పెద్ద ముక్క ఇచ్చారో వాళ్లు ఆ రోజు రెండోవారుగా ఆడతారు. సమానమైతే మాచర్ల మొదలెట్టాలి. రాజుని గావు, అంటే బలి, ఇచ్చేవాళ్లని చూశాను. అంత అక్కర్లేదు, ఏడో ఎనిమిదో చాలు.

రాయబారం రోజు ముక్కలన్నీ తెరిచి పెట్టాలి, బోర్లించకూడదు. మాటలు బాహాటంగా జరిగే రోజు కదా. అసలు రాయబారం ఎలా చేయాలో కింద వేరేగా చెప్తాను.

మందపోరు రోజు గెలిచిన ప్రతి చోటుకీ పిక్కతో పాటు ఎదుటివాళ్ల చేతిలోంచి చూడకుండా ఒక ముక్క లాగాలి. ఎదుటివాళ్ల చెయ్యి ఖాళీగా ఉంటే లాగేదేం ఉండదు. లాగిన ముక్క ఎవరికీ చూపించకుండా ఆటలోంచి తీసేయాలి. అది కుప్ప లెక్కలోకి రాదు. కథలో మాచర్ల వాళ్ల పశువుల మంద మీద దాడి జరిగినప్పటి పోరు ఇది. కారంపూడిలో చాపకూడు, అంటే కులం తేడా లేకుండా అందరూ కలిసి తినే భోజనం, పెట్టేది కూడా ఈ మూడో రోజే.

కోడిపోరు రోజు మొదట పందెం. ఇద్దరూ ఒక్కో ముక్క బోర్లించి, ఒకేసారి తిప్పాలి. బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు, నాగమ్మది శివంగిడేగ, కాబట్టి తిప్పేటప్పుడు ఆ పేర్లు అరవడం మా ఇంట్లో ఆనవాయితీ. పెద్ద ముక్కది గెలుపు. ఓడినవాళ్ల దగ్గర పిక్క ఉంటే ఒకటి ఇచ్చుకోవాలి. పందెం ఓడిపోయే కదా మాచర్ల వాళ్లు ఏడేళ్లు వనవాసం పోయింది! ఇక్కడా అంతే: మూడు చోట్లలో ఒకటి గెలిచినవాళ్లు చూపిస్తారు, ఓడినవాళ్లు ఆ రోజుకి అక్కడ ముక్క పెట్టకూడదు. పందెం ముక్కలు రెండూ కుప్పలోకి పోతాయి. సమానమైతే వనవాసం లేదు, ముక్కలు మాత్రం పోతాయి. నాలుగో రోజు ఇది రావడం వల్ల వెనకబడినవాళ్లకి పైకి లేవడానికి ఒక దారి దొరుకుతుంది. పైగా చివరి రోజుకి ముందు కుప్ప ఇంకో రెండు పెరుగుతుంది.

కళ్లిపాడు ఆఖరి రోజు. ఒక్కో చోటుకి రెండు పిక్కలు. పోరు జరిగిన ఏ చోటునుంచీ ఒక్క ముక్క కూడా తిరిగి రాదు, గెలిచినవాళ్లవి కూడా. పోరు లేనిచోట మాత్రం మామూలే.

శక్తి ఉన్న నలుగురు

పేర్లు ఎనిమిదింటికి రాశాం గానీ ప్రత్యేక శక్తి నలుగురికే. అందరికీ పెడితే రూల్సు గుర్తుంచుకోవడంతోనే సరిపోతుంది. కన్నమదాసుకి ఏమీ లేదేంటని మా మనవరాలు దెబ్బలాడింది. 13 ఉన్నవాడికి ఇంకేం కావాలి!

నాగమ్మ: అన్ని ముక్కలూ తిప్పి చూసుకున్నాక, లెక్క వేయకముందు, గురజాల వాళ్లు నాగమ్మని చేతికి వెనక్కి తీసుకుని ఆ స్థానంలో చేతిలోని ఇంకో ముక్క పెట్టొచ్చు. ఆ చోటు ఓడిపోతుందనుకుంటే ఓ రెండో మూడో పడేసి ఆమెను కాపాడుకోవచ్చు, కొద్దిలో పోతుందనుకుంటే రాజుని దింపి గెలవొచ్చు. చేతిలో ఒక్క ముక్కయినా మిగిల్చుకుంటేనే ఇది కుదురుతుంది.

నరసింగరాజు: ఆయన ఉన్నచోట గురజాల గెలిస్తే చిన్న ముక్క ఇవ్వక్కర్లేదు. కళ్లిపాడు రోజు ఈ వెసులుబాటు లేదు. ఎదురుగా బాలచంద్రుడు ఉంటే నరసింగరాజు విలువ సున్నా. ఆయన పోయింది అతని చేతిలోనే.

బాలచంద్రుడు: 11 కి రెట్టింపు, 22. అయితే చేతికి వచ్చిన రోజే దిగాలి, దాచుకోవడం కుదరదు. రాచగావుకీ కోడిపందేనికీ రాయబారానికీ పంపకూడదు. పోరు జరిగితే గెలిచినా ఓడినా పోతాడు. గెలిస్తే చిన్న ముక్కకి బదులు అతనే పోతాడన్నమాట. ఎదుట ఎవరూ లేకపోతే తిరిగొస్తాడు, మర్నాడు మళ్లీ దిగాలి. బొంగరాలాడుకుంటున్నవాడు యుద్ధం మాట వినగానే లేచి బయల్దేరిన కుర్రాడు, ఆగమంటే ఆగుతాడా?

బ్రహ్మనాయుడు: తన విలువ 1 మాత్రమే. కానీ ఆయన ఉన్నచోట మాచర్ల వాళ్లు మూడో ముక్క పెట్టొచ్చు, పక్కనున్న అంకెల ముక్క ఏదైనా పదిగా లెక్క. రెండు, మూడు కూడా పదే. ఆయన కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించినవాడు, మాల కన్నమదాసుని కొడుకుగా చూసుకున్నవాడు. ఆ పంక్తిలో రెండుకీ పదికీ తేడా ఉండకూడదనే ఈ రూలు. రెండు చెత్త ముక్కలతో 21 చేయొచ్చు. గెలిచినచోట బ్రహ్మనాయుడు పోడు, కళ్లిపాడు రోజు కూడా. చిన్న ముక్క ఇవ్వాల్సి వస్తే ఆయన్ని వదిలేసి తరవాతి చిన్నది ఇవ్వాలి. ఓడితే మాత్రం అందరితో పాటే. మూడో ముక్క పెట్టగానే ఆయన అక్కడున్నాడని ఎదుటివాళ్లకి తెలిసిపోతుంది, కాబట్టి ఆ ముక్క ఎప్పుడు పెట్టాలన్నది మీ తెలివి.

ఒక రోజు లెక్క చేసి చూపిస్తాను

రాచగావు అయింది, కుప్పలో రెండు ఉన్నాయి. మాచర్ల వాళ్లు ఏటిగట్టున 9, 6 పెట్టారు, నడుమ బాలచంద్రుణ్ణి ఒక్కణ్ణే దింపారు, ఊరివైపు ఏమీ లేదు. గురజాల వాళ్లు ఏటిగట్టున 8, 5, నడుమ ఆసు, 10, ఊరివైపు ఒక 3 పెట్టారు.

ఏటిగట్టున 15 కి 13, మాచర్ల గెలిచింది. గురజాల 8, 5 పోయాయి, మాచర్ల 6 పోయింది, 9 చేతికొచ్చింది. నడుమ బాలచంద్రుడు 22, ఎదురుగా 24. గురజాల గెలిచింది. బాలచంద్రుడు పోయాడు, గురజాల 10 పోయింది, ఆసు వెనక్కి వచ్చింది. ఊరివైపు పోరు లేదు, పిక్క గురజాలది, 3 తిరిగొచ్చింది. రోజు ముగిసేసరికి గురజాలకి రెండు పిక్కలు, మాచర్లకి ఒకటి. కుప్పలో ఏడు ముక్కలు: నల్లవి నాలుగు, ఎర్రవి మూడు. మర్నాడు గురజాల మొదట పెట్టాలి, అది కూడా తెరిచి.

ఆ ఊరివైపు పెట్టిన మూడుని చూడండి. పైసా ఖర్చు లేకుండా పిక్క తెచ్చింది.

ముప్పయ్యో ముక్క

ఇప్పుడు అసలు రూలు. కుప్పలో ముక్కలు 30 చేరితే ఆ చోటు లెక్క పూర్తిచేసి ఆట ఆపేయాలి. పల్నాడు పాడైనట్టే. ఇద్దరి పిక్కలూ పోయినట్టే, ఎవరికీ ఏమీ లేదు. కుప్పలో ఎవరి రంగు ముక్కలు ఎక్కువ ఉన్నాయో లెక్కపెట్టి వాళ్లకి కాగితం మీద ఇంకో మూడు కోత వేయాలి. సమానంగా ఉంటే ఇద్దరికీ కోతే. ఇరవై దాటాక కుప్పని ప్రతి రోజూ పైకి లెక్కపెట్టి చెప్పండి. దాచిపెట్టడానికి అదేం రహస్యం కాదు.

ఈ మూడు పిక్కల కోత మీద చాలా ఆలోచించాను. కోత లేకపోతే వెనకబడినవాళ్లు ఒకటో రెండో పిక్కల తేడాకి కూడా "ఇద్దరం మునుగుదాం" అని కుప్పని నింపేస్తారు. కుప్పలో తమ రంగే ఎక్కువుంటే కోత తమకే పడుతుంది కాబట్టి, నాలుగూ అంతకంటే ఎక్కువ తేడా ఉన్నప్పుడే వాళ్లకి అందులో లాభం. అంటే ముందున్నవాళ్లు మరీ ముందుకు పోకూడదు. పోతే వెనకున్నవాళ్లకి పోగొట్టుకోడానికి ఏమీ మిగలదు. అలాంటివాళ్లతో ఎదురుపడటం కంటే నాలుగు పిక్కలు వదులుకోవడం మేలు. రాయబారం ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది.

రాయబారం రెండో రోజు నుంచి ప్రతి రోజూ, ముక్కలు తీసుకున్నాక, రోజు పని మొదలయ్యేముందు చేయొచ్చు. రోజుకి ఒక్కొక్కరు ఒక్కసారే. చేతిలోంచి ఒక బొమ్మ ముక్కని, అంటే జాకీనో రాణినో రాజునో, తెరిచి ముందుకు పంపి మాట చెప్పాలి: "రెండు పిక్కలిస్తాను, ఆపేద్దాం." లేకపోతే "ఉన్నవి ఉన్నట్టు, ఆపేద్దాం." వెనకబడినవాళ్లు అడగను కూడా అడగొచ్చు: "మూడు ఇస్తే ఆపుతాను." ఒప్పుకుంటే పిక్కలు చేతులు మారి ఆట అక్కడితో అయిపోతుంది. ఒప్పుకోకపోతే రెండు దారులు. రాయబారిని మర్యాదగా వెనక్కి పంపొచ్చు. లేదా ఒక పిక్క చెల్లించి అతన్ని కుప్పలో వేయొచ్చు. పిక్క లేనివాళ్లు చంపలేరు. అలరాజు మాచర్ల తరఫున రాయబారిగా వెళ్లాడు. నలగామరాజుకి స్వయానా అల్లుడు. అయినా విషం పెట్టారు. ఆ తప్పుకి ఖరీదు ఒక్క పిక్కేనా అని మీరు అడగొచ్చు. రెండు చేసి చూశాం, అప్పుడు ఎవరూ చంపడం లేదు, ఆటలో భయం పోయింది. అందుకే ఒకటే ఉంచాను.

రాయబారిగా పెద్ద ముక్కని పంపితే పోతుందని టెన్షన్, జాకీని పంపితే మాటలో బలం లేదని ఎదుటివాళ్ల వెక్కిరింత. మా మనవరాలైతే రాణి కనిపిస్తే చాలు, పిక్క విసిరి మరీ చంపుతుంది.

కొన్ని కిటుకులు

మూడు చోట్లా పోరాడాలనుకోవద్దు. ఒకచోట గట్టిగా, ఒకచోట చిన్న ముక్కతో, ఒకచోట ఖాళీగా ఉంచడం మొదటి రెండు రోజులకి మంచి పద్ధతి. చిన్న ముక్కకి ఎదురు లేకపోతే లాభం, ఉన్నా పోయేది ఓ మూడో నాలుగో. ఎదుటివాళ్లు కూడా ఇదే పద్ధతి పట్టారని తెలిశాక మాత్రం ఖాళీచోటు కోసం వెతికే వేట మొదలవుతుంది. అప్పుడే ఆట రసకందాయంలో పడుతుంది.

రాయబారం రోజు తెరిచి పెట్టాలి కాబట్టి మొదట పెట్టేవాళ్లు తొందరపడి పెద్ద ముక్కలు చూపించకూడదు. మీ దగ్గర పిక్కలు ఎక్కువ ఉండి మొదట పెట్టాల్సి వస్తే, ఒకటి రెండు చిన్నవి పెట్టి "చాలు" అనేయండి. ఆ రోజు పిక్కలు పోయినా చేతిలో బలం ఉంటుంది, మర్నాడు మొదట పెట్టే బాధ ఎదుటివాళ్ల మీద పడుతుంది.

మందపోరు రోజు చేతిలో ముక్కలు దాచుకుంటే ఎదుటివాళ్లు లాగేస్తారు, కింద పెడితే చచ్చిపోతాయి. ఈ ఇరకాటానికి మందు లేదు. పెద్దవి ఎదురు లేనిచోట పెట్టగలిగితే అదృష్టం. నేనైతే చేతిలో చెత్త ముక్కలు నాలుగైదు ఉంచుకుంటాను, లాగేవాళ్ల చేతికి రాజు తగిలే అవకాశం తగ్గుతుంది.

కోడిపందేనికి తొమ్మిదో పదో పంపండి. రాజుని పంపితే గెలిచినా రాజు పోతాడు. ఎదుటివాళ్లు రాజునే పంపితే పంపనివ్వండి, వాళ్లకి ఆఖరి రోజుకి ఒక రాజు తక్కువ.

గురజాల వైపు ఆడేవాళ్లు నాగమ్మని ఆఖరి రోజు దాకా బతికించుకోవాలి. కళ్లిపాడు రోజు ఎదుటివాళ్ల ముక్కలన్నీ చూశాక ఒక ముక్క మార్చుకునే హక్కు అంటే మాటలా? మాచర్ల వాళ్లకి ఆ బాధ లేదు గానీ బాలచంద్రుడితో చిక్కు. కట్టలోంచి ఎప్పుడొస్తాడో తెలీదు, వచ్చిన రోజే ఖర్చు. అతను వచ్చిన రోజు మొహంలో ఏమీ కనపడకుండా ఉండటం నేర్చుకోవాలి. అతని పక్కన ఇంకో ముక్క పెట్టడం మామూలుగా దండగ, 22 చాలు. పై లెక్కలో లాగా ఎదుట ఆసు, పది పడే రోజులు అరుదు.

ఆఖరి రోజు లెక్క మాత్రం నిదానంగా వేయండి. కుప్ప పదిహేను లోపు ఉంటే భయం లేదు, ఎంత కొట్టుకున్నా 30 చేరదు. మామూలుగా అప్పటికి ఇరవై దాటి ఉంటుంది. కుప్పలో 22 ఉన్నాయనుకోండి, మీరు నాలుగు పిక్కలు ముందున్నారు. రెండు చోట్ల రెండేసి ముక్కలతో పోరు జరిగితే ఎనిమిది పోతాయి, 30, అంతా బూడిద. కాబట్టి మీరు ఒక్కచోటే దిగాలి. అక్కడ గెలిస్తే మీకు రెండు, మిగతా రెండు చోట్లు వదిలేసినందుకు వాళ్లకి నాలుగు. ఇంకా రెండు ముందున్నట్టే, ఆట మీదే. ఆ ఒక్కచోటా ఓడితే వాళ్లకి ఆరు, మీరు రెండు వెనక. కోడిపోరు అయ్యాక చేతిలో ఏముందో చూసుకుని, ఆ ఒక్కచోటు గెలుస్తానన్న నమ్మకం లేకపోతే పొద్దున్నే ఒక పిక్కో రెండో ఇచ్చి రాయబారం పంపండి. రెండిస్తే సమానం, ఒకటిస్తే ఇంకా మీరే ముందు. వాళ్లకీ ముప్పయ్యో ముక్క భయం ఉంటుంది. కుప్పలో వాళ్ల రంగు ఎక్కువుంటే ఆ భయం ఇంకా ఎక్కువ.

పోటీ లెక్క

ఒక ఆట ఆడి లేవకూడదు. రెండాటలు ఒక జోడీ, రెండోదానికి వైపులు మార్చుకోవాలి. ఈ విషయంలో నేను చాలా కచ్చితం. మా దగ్గర బ్రహ్మనాయుడి పక్షం ఆడతానని అందరూ ఎగబడతారు, నాగమ్మ పక్షం అంటే మూతి ముడుస్తారు. ఆ కాలంలో ఒక స్త్రీ మంత్రిగా రాజ్యం నడిపి, యుద్ధం నడిపి, ఇన్ని వందల ఏళ్లు జనం నోట్లో నానిందంటే ఆమె చేతిలో ఉన్న ముక్కలేంటో ఒకసారి పట్టుకుని చూడాలి కదా. వైపు మార్చి ఆడాక పిల్లలు అడిగే ప్రశ్నలు మారతాయి. ఎవరిది తప్పు అని అడగడం తగ్గి, ఆ రాయబారం అప్పుడే ఒప్పుకుని ఉంటేనో అని అడుగుతారు.

రెండాటల్లో మిగిలిన పిక్కలు కలపండి, కోతలు తీసేయండి, ఎక్కువున్నవాళ్లు గెలిచినట్టు. రెండాటలూ పల్నాడు పాడైతే ఆ జోడీ రద్దు, పిక్కలు డబ్బాలో వేసి ఇంకో రోజు ఆడండి. సమానం వస్తే ఒక్క కోడిపందెం పెట్టి తేల్చుకోవచ్చు: కట్టలు మళ్లీ కలిపి, పై ముక్క చెరొకటి తిప్పాలి. ఇక్కడ బాలచంద్రుడు వచ్చినా 11 మాత్రమే, బ్రహ్మనాయుడు వస్తే 1. మావారు ఒప్పుకోరు గానీ రూలు రూలే.